పందుల్లో కరోనా, ఇతర వైరస్ జబ్బులు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగు పందిపిల్లలు పారితే (నీళ్ల విరేచనాలు పెట్టుకుంటే) చాలు, "కరోనా అట" అన్న మాట ఊరు దాటిపోతోంది. కావలిలో అడిగిన ప్రశ్నే కనిగిరిలోనూ అడుగుతున్నారు, ఆత్మకూరులోనూ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ఎవరికి ఏది కావాలో ఆ ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు. మందుల మోతాదులు ఇక్కడ రాయలేదు. పందిని చూడకుండా మోతాదు చెప్పడం వైద్యం కాదు.

## ముందుగా, ఈ కరోనా ఏది?

పందులకు కూడా కరోనా వస్తుందా? మనకు వచ్చినదీ ఇదీ ఒకటేనా?

వస్తుంది, కానీ అది కోవిడ్ వైరస్ కాదు. పందుల్లో ఇప్పటికి ఆరు కరోనా వైరస్‌లను గుర్తించారు. నాలుగు పేగుల మీద పడతాయి. వాటిలో పాతది టీజీఈ (పిల్లలకు వాంతులు, పారుడు తెచ్చే పేగు జబ్బు), దీన్ని 1946లో అమెరికాలో వర్ణించారు. పీఈడీ అనే మరో పారుడు జబ్బు 1971లో ఇంగ్లండులో కనిపించింది, దాని వెనుక ఉన్నది కొత్త కరోనా వైరస్ అని 1978లో బెల్జియం పరిశోధకులు తేల్చారు. పందుల డెల్టా కరోనా (కోవిడ్ డెల్టా రకం కాదు) సంగతి 2012లో హాంకాంగ్ నుంచి బయటికి వచ్చింది. సాడ్స్ అనేది 2016–17లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టుకొచ్చింది. మిగిలిన రెండింటిలో ఒకటి నరాలను, ఒకటి ఊపిరితిత్తులను పట్టుకుంటుంది.

ఊపిరితిత్తులదాని కథ చిత్రమైనది. టీజీఈ వైరస్ తన ముల్లు ప్రోటీనులో ఒక ముక్క పోగొట్టుకుని, పేగులు వదిలేసి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. 1984లో బెల్జియంలో దీన్ని గుర్తించారు. ఇది సోకిన పందికి కాస్త దగ్గు తప్ప పెద్ద బాధ ఉండదు. పైగా అసలు టీజీఈ నుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. ఐరోపాలో టీజీఈ వెనకబట్టడానికి ఇదే ముఖ్య కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం.

కోళ్లకు వేసే ఐబీ (శ్వాస జబ్బు) టీకా, కుక్కలకు వేసే టీకా కూడా కరోనావే అంటారు. వాటినే పందులకు వేయవచ్చా?

వేయకూడదు. కోళ్ల ఐబీ వైరస్ కూడా కరోనా కుటుంబంలోదే, కానీ దానికీ పందుల పేగు వైరస్‌లకూ చుట్టరికం చాలా దూరం. కుక్కల కరోనా వైరస్ టీజీఈకి దగ్గరి బంధువే అయినా, ఆ టీకా పందిపిల్ల పేగును కాపాడుతుందన్న భరోసా లేదు. డబ్బు పోవడం ఒక నష్టం, టీకా వేశామన్న ధీమాతో జాగ్రత్తలు వదిలేయడం అంతకంటే పెద్ద నష్టం.

మా ఇంట్లో ఒకరికి కోవిడ్ వచ్చింది. పందులకు అంటుతుందా?

2020లో చైనా, జర్మనీ శాస్త్రవేత్తలు పందుల ముక్కులోకి కోవిడ్ వైరస్‌ను కావాలనే ఎక్కించి చూశారు. అది వాటిలో పెరగలేదు. కెనడాలో చేసిన ప్రయోగంలో కొద్దిపాటి ఆనవాళ్లు కనిపించాయి గానీ జబ్బు ముదరలేదు. అయితే మామూలు ఫ్లూ విషయం వేరు. మనిషి ఫ్లూ పందికి సులువుగానే అంటుతుంది. 2009 నాటి హెచ్1ఎన్1 మనుషుల నుంచి పందుల్లోకి తిరిగి ఎన్నోసార్లు వెళ్లింది. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు తగ్గేదాకా దొడ్డిలోకి పోకపోవడం మేలు.

## పందులను కొనేటప్పుడు, మేపేటప్పుడు

చలాకీగా ఉన్న పిల్లలనే ఏరి కొంటున్నాం. అది చాలదా?

చాలదు. పీఈడీ సోకిన పంది మొదటి లక్షణం చూపడానికి 1 నుంచి 4 రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో అది చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. పెద్ద పందులనూ చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌లోనైతే రెండు వారాలు దాటినా పైకి ఏమీ తెలియకపోవచ్చు. రొయ్యపిల్ల కంటికి ఎంత హుషారుగా కనిపించినా పీసీఆర్ రిపోర్టు లేనిదే చెరువులో వదలని జిల్లాలు మనవి. పందుల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకో ఎగిరిపోతోంది.

కొత్తగా తెచ్చినవాటిని పాతవాటికి దూరంగా, వేరే కొట్టంలో కనీసం 30 రోజులు ఉంచండి. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. బకెట్టు, చీపురు, చెప్పులు రెండు చోట్లా వేర్వేరుగా ఉండాలి. చెప్పుల విషయంలోనే అందరూ జారిపోతారు.

వ్యాపారి వ్యాను దొడ్డి గుమ్మం దాకా వస్తుంది. వ్యానుతో వచ్చే ముప్పు ఏమిటి?

పీఈడీ 2013 వసంతంలో అమెరికాలో అడుగుపెట్టి ఏడాదిలోనే దాదాపు 70 లక్షల పందిపిల్లలను బలిగొంది. అంత వేగంగా ఎలా పాకిందని వెతికినవాళ్లు ఆరు కబేళాల దగ్గర ట్రక్కులను పరీక్షించారు. శుభ్రంగా వచ్చిన ట్రక్కుల్లో కొన్ని, పందులను దించి వెళ్లేసరికి వైరస్ అంటించుకున్నాయి. దించే చోట చక్రాలు, డ్రైవరు బూట్లు, నేల అన్నీ కలిసిపోతాయి మరి.

మన దగ్గర ఒకే వ్యాను ఒక్క రోజులో నాలుగైదు దొడ్లు తిరుగుతుంది. దాన్ని రోడ్డు మీదే ఆపించి, పందులను అక్కడిదాకా మీరే తోలుకెళ్లండి. వ్యాపారి నొచ్చుకుంటాడు, అయినా పట్టుబట్టాల్సిందే. కొలత బద్ద, తాళ్లు, కర్ర కూడా మీవే వాడాలి.

హోటళ్ల మిగులు కూడు మానేయాలా? దాణా కొనే స్తోమత లేదు.

మానగలిగితే అంతకంటే మంచిది లేదు. మానలేకపోతే మరిగించకుండా పెట్టకండి. మన దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట బయటపడింది, 2022లో కేరళలోని వయనాడ్‌కు చేరింది. ఆ వైరస్ పచ్చి మాంసంలో, ఉప్పు పట్టించిన మాంసంలో, ఫ్రిజ్‌లో పెట్టినదాంట్లో వారాలూ నెలలూ బతుకుతుంది. నెల్లూరు, ఒంగోలు హోటళ్ల నుంచి వచ్చే డబ్బాలో ఏముందో మీకు తెలియదు, హోటలువాళ్లకూ తెలియదు. కూడు తెర్లడం మొదలయ్యాక అరగంట పాటు కలియబెడుతూ మరగనివ్వండి. పైన ఆవిరి వచ్చినంత మాత్రాన అడుగున ముద్ద ఉడికినట్టు కాదు. పచ్చి కూడు ఉన్న డబ్బాలో మరిగించిన కూడు తిరిగి పోయకండి.

నెల్లూరు వైపు రైసు మిల్లుల్లో తవుడు, నూకలు దొరుకుతాయి కాబట్టి వాటితో లెక్క వేసి చూసుకోండి. మిగులు కూడు ఉచితం అనుకుంటాం గానీ కట్టెలు, కూలీ, పోయిన పిల్లలు అన్నీ కలిపితే ఉచితమేమీ కాదు.

ఏ టీకాలు తప్పనిసరి?

మన దగ్గర పశువైద్యశాలల ద్వారా పందులకు వేసేవి ముఖ్యంగా రెండు, స్వైన్ ఫీవర్ టీకా, గాలికుంటు టీకా. గాలికుంటు నివారణకు 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలతో పాటు పందులు కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలియక చాలామంది టీకాల బృందం ఊళ్లోకి వచ్చినా అడగరు, అడగండి. గాలికుంటు పట్టిన పంది ఊపిరితో వదిలే వైరస్ పశువుతో పోలిస్తే చాలా ఎక్కువ. మీ పందికి వేసే టీకా పక్కింటి ఒంగోలు గిత్తకూ రక్షణే.

పీఈడీ టీకాలు చైనా, దక్షిణ కొరియా, జపాన్, అమెరికాలలో వాడుతున్నారు. అక్కడ కూడా అవి పూర్తిగా ఆపలేకపోయాయి, వైరస్ రూపం మారినప్పుడల్లా పాత టీకా వెనకబడింది.

నల్లమల అంచున ఉన్నాం. అడవి పందులు దొడ్డి దగ్గరికి వస్తాయి. భయపడాలా?

భయపడాల్సిందే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, స్వైన్ ఫీవర్ రెండూ అడవి పందులకూ సోకుతాయి. గిద్దలూరు, మార్కాపురం వైపు, ఉదయగిరి కొండల దగ్గర పెంచేవాళ్లు పందులను మేతకు వదలకుండా రెండు వరసల కంచె వేసుకోవాలి. ముక్కూ ముక్కూ తగలకుండా మధ్యలో ఖాళీ ఉండటం ముఖ్యం. అడవిలో చచ్చి పడి ఉన్న పందిని ముట్టకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. ఆ మాంసాన్ని ఇంటికి తేవడమంటే జబ్బును చేతులారా తెచ్చుకోవడమే.

## సూడి పందులు, ఈత

తల్లికి ఏం చేస్తే పిల్లలకు రక్షణ?

పందుల్లో మాయ ద్వారా రక్షక కణాలు, యాంటీబాడీలు పిల్లలకు చేరవు. పిల్ల పుట్టేటప్పుడు ఖాళీ చేతులతో పుడుతుంది. దానికి వచ్చేదంతా జున్నుపాల నుంచే రావాలి. ఆ యాంటీబాడీలను పేగు రక్తంలోకి పీల్చుకునేది మొదటి 24 నుంచి 36 గంటలే, అందులోనూ తొలి ఆరు గంటలు బంగారం. ఆ తర్వాత తల్లి పాలలో రోజూ వచ్చే ఐజీఏ అనే యాంటీబాడీ పేగు లోపలి గోడను తడుపుతూ వైరస్‌ను అంటుకోనివ్వదు. అందుకే పేగు కరోనాల్లో పిల్ల రక్తంలో ఎంత రక్షణ ఉందన్నదానికంటే, పూటపూటకూ పాలు తాగుతోందా అన్నదే ముఖ్యం. పాలు ఎండిన తల్లి కింద పిల్లలు ముందు పోతాయి.

బలహీనమైన పిల్లలను మీరే పట్టుకుని చనుకు అందించండి. ముందు వైపు చన్నుల్లో పాలు సాధారణంగా ఎక్కువ కాబట్టి చిన్నవాటిని అక్కడికి చేర్చండి.

పారుతున్న పిల్లల పేగులను సూడి పందులకు తినిపిస్తే పుట్టబోయేవాటికి జబ్బు రాదని వీడియోలో చూశాం. నిజమేనా?

దాని వెనుక శాస్త్రం ఉంది. సూడి పందికి వైరస్ సోకి కోలుకుంటే, ఈనేసరికి పాలలో రక్షణ తయారవుతుంది. పీఈడీ వచ్చినప్పుడు అమెరికాలో, ఆసియా దేశాల్లో ఈ పని చేశారు. అయితే వాళ్లు చేసింది పక్కన ప్రయోగశాల పెట్టుకుని, ఈతకు ఇంకా మూడు వారాలకు పైగా ఉన్న పందులకే, మందలో మరే జబ్బూ లేదని పరీక్షించుకున్నాక. మన దొడ్డిలో ఆ పిల్ల పేగుల్లో స్వైన్ ఫీవర్ ఉందేమో, పీఆర్‌ఆర్‌ఎస్ (ఈతనూ ఊపిరినీ దెబ్బతీసే వైరస్ జబ్బు) ఉందేమో ఎవరు చూశారు? ఉంటే మందంతటికీ మీ చేత్తోనే పంచినట్టు. పశువైద్యుడు రిపోర్టు చూసి చెబితే తప్ప ఈ పని చేయకండి.

తల్లికి జ్వరం లేదు, మేత తింటోంది. ఈతలో మాత్రం చచ్చిన పిల్లలు, ఎండి నల్లబడిన పిల్లలు వస్తున్నాయి. ఇది వైరసేనా?

చాలావరకు వైరసే. పిల్లల సైజులు వేర్వేరుగా, కొన్ని వేలెడంత ఎండినవి, కొన్ని దాదాపు పూర్తిగా ఎదిగినవి కలిసి వస్తే పార్వో వైరస్‌నో, జపనీస్ మెదడువాపు వైరస్‌నో ముందు అనుమానించాలి. తొలి చూలు పందుల్లో ఇది ఎక్కువ. నెలలు నిండకముందే ఈనడం, తల్లులు కొన్నాళ్లు మేత మానడం, పెద్ద పిల్లల్లో ఆయాసం కలిసి ఉంటే పీఆర్‌ఆర్‌ఎస్ వైపు చూడాలి. ఈ చివరిది మన దేశంలో 2013లో మిజోరంలో పెద్దయెత్తున బయటపడింది. చచ్చిన పిల్లలను పారేయకుండా ఐసులో పెట్టి ప్రయోగశాలకు ఇస్తేనే పేరు తేలుతుంది.

## పిల్లలు పారుతున్నప్పుడు

నిన్నటిదాకా బాగున్నాయి. రాత్రికి రాత్రి నీళ్లలా పారుతున్నాయి. కరోనాయేనని ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి ఖాయంగా చెప్పగలిగేవాళ్లు లేరు. గుర్తులు మాత్రం కొన్ని ఉన్నాయి. మొదటిది వేగం. పేగు కరోనా అయితే ఒక గదిలో మొదలై రెండు మూడు రోజుల్లో దొడ్డంతా చుట్టేస్తుంది. రెండోది వయసు. వారం లోపు పిల్లలు ఎండిపోయి మూడు నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి, పీఈడీలో ఈ వయసు పిల్లలు సగం నుంచి అన్నీ పోయే ప్రమాదం ఉంది. నెల దాటినవి నీరసపడి కోలుకుంటాయి. పెద్దవి రెండు మూడు రోజులు మేత మానేసి, కాస్త పారి, లేచి తిరుగుతాయి. మూడోది వాంతి. పాలు తాగిన కాసేపటికే పెరుగు ముక్కల్లా కక్కేస్తాయి. కక్కిన పిల్లే మళ్లీ చను వెతుక్కుంటూ పోతుంది, దాహం అంత ఉంటుంది.

వైరస్ చిన్నపేగు గోడ మీది చూషకాలను, అంటే ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటివాటిని తినేస్తుంది. అవి కుంచించుకుపోతే తాగిన పాలు అరగవు, పేగులోనే పులుస్తాయి. అందుకే వైరస్ పారుడు సాధారణంగా ఆమ్లంగా ఉంటుంది. ఈ-కోలై బాక్టీరియా పారుడు క్షారంగా ఉంటుంది. రొయ్యల మందుల దుకాణంలో దొరికే పీహెచ్ కాగితాన్ని తాజా పారుడుకు తగిలించి చూడండి. దీన్ని రుజువుగా తీసుకోకూడదు గానీ, పశువైద్యుడికి ఫోనులో చెప్పడానికి పనికొచ్చే కబురు. చనిపోయిన పిల్ల పేగు కోసి వెలుగుకు పట్టి చూస్తే గోడ పల్చబడి అవతలి వేలు కనిపిస్తుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనుమానం ఏ కొంచెం ఉన్నా మాత్రం కోయవద్దు.

రోటా వైరస్ కూడా ఇలాగే పారిస్తుంది, కాకపోతే చావులు తక్కువ. ఒకటి రెండు వారాల వయసు పిల్లలు పేస్టులా పసుపుగా పారుతుంటే, అదీ ఒక్కో ఈతలో ఒక్కోలా ఉంటే, కాక్సీడియా అనే పరాన్నజీవిని అనుమానించాలి. దానికి మందు ఉంది. కరోనా అనుకుని చేతులు ముడుచుకుంటే మందు ఉన్న జబ్బుకే పిల్లలను పోగొట్టుకుంటారు.

ఏ ఇంజెక్షన్ వేస్తే ఆగుతుంది?

వైరస్‌ను ఆపే ఇంజెక్షన్ లేదు. పిల్ల చచ్చేది వైరస్ వల్ల అనడం కంటే నీరు, లవణాలు పోయి, ఒళ్లు చల్లబడి అనడం సరైనది. అందువల్ల పని ఆ రెండింటి మీదే జరగాలి. ఓఆర్‌ఎస్ నీళ్లు లోతు లేని పళ్లెంలో పోసి పెట్టండి, గంటకోసారి మార్చండి. లేవలేనివాటికి నోట్లో సిరంజితో కొద్దికొద్దిగా పోయండి. పుట్టిన పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. నెల్లూరు ఎండలు చూసి మన పిల్లలకు చలేమిటి అంటారు గానీ, నవంబరు తుపాను వానలో తడి సిమెంటు నేల మీద పడుకున్న పిల్లను తాకి చూడండి. బల్బు, పొడి గోనెసంచి, వరిగడ్డి చాలు.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. తోడుగా బాక్టీరియా చేరిందని పశువైద్యుడు తేలిస్తే ఇస్తారు. దుకాణంలో అడిగి తెచ్చి అన్నింటికీ పొడిచేయడం వల్ల డబ్బు ఖర్చవుతుంది, సూదితో జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది.

పెద్ద పందులు కూడా చస్తున్నాయి. చెవులు, పొట్ట ఎర్రబడ్డాయి. ఇదీ కరోనాయేనా?

కాదు. పెద్దవి వరసగా చావడం పేగు కరోనా లక్షణం కాదు. 41 డిగ్రీల పైన జ్వరం, చెవులూ పొట్టా ఎర్రగా, నీలంగా కమలడం, ముక్కు నుంచో మలద్వారం నుంచో రక్తం కనిపిస్తే ఆఫ్రికన్ స్వైన్ ఫీవరో, స్వైన్ ఫీవరో అని అనుమానించి ఆ నిమిషమే ఫోను చేయాలి. పేర్లు ఒకేలా ఉన్నా ఈ రెండూ పూర్తిగా వేరు వైరస్‌లు. స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, ఆఫ్రికన్‌దానికి మన దేశంలో లేదు. చనిపోయినదాన్ని కోయవద్దు, దాని రక్తం నిండా వైరస్సే. మిగిలినవాటిని తెగనమ్ముకోవాలన్న ఆలోచన రావడం సహజమే, కానీ ఆ ఒక్క అమ్మకంతోనే జబ్బు మండలం దాటుతుంది.

పంది తల వాల్చి గుండ్రంగా తిరుగుతోంది, గోడకు గుద్దుకుంటోంది. మెదడుకు కరోనా వచ్చిందా?

నరాలకు పట్టే కరోనా ఒకటి ఉంది గానీ అది బాధపెట్టేది మూడు వారాల లోపు పిల్లలను. వాంతులు, చిక్కిపోవడం, వణుకు దాని గుర్తులు. ఎదిగిన పంది ఇలా చేస్తుంటే ముందు మేత డబ్బాలో చూడండి. ఎండుచేపల వ్యర్థాలు, పాడైన పచ్చళ్లు పెట్టి, తాగడానికి నీళ్లు సరిగా అందకపోతే ఉప్పు విషమై మెదడు వాస్తుంది. మన తీరంలో ఇది అరుదేమీ కాదు. అలాంటప్పుడు ఒక్కసారిగా బకెట్లతో నీళ్లు పెట్టినా ప్రమాదమే, కొద్దికొద్దిగా ఇస్తూ పశువైద్యుణ్ణి పిలవండి.

## శాంపిల్, ప్రయోగశాల

శాంపిల్ ఎలా తీయాలి? ఎవరికి ఇవ్వాలి?

పారుడు మొదలై ఒక రోజు దాటని, ఏ మందూ పడని మూడు నాలుగు పిల్లలను ఎంచుకోండి. నేల మీది మలం కాకుండా నేరుగా మలద్వారం దగ్గర పట్టిన రెండు చెంచాలంత పారుడును మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలో తీసుకోండి. సీసా మీద తేదీ, పిల్ల వయసు రాయండి. దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. చేపల మార్కెట్టు ఉన్న ఏ ఊళ్లోనైనా ఆ పెట్టె దొరుకుతుంది. కాకపోతే చేపల నీళ్లు ఇంకిన పాతది వద్దు. చల్లగా ఉంచితే చాలు, గడ్డకట్టించవద్దు.

ముందుగా గ్రామంలోని పశుసంవర్ధక సహాయకులకో, మండల పశువైద్యుడికో చెప్పండి. 1962 నంబరుకు ఫోను చేసినా సంచార పశువైద్య వాహనం వస్తుంది. శాంపిల్ వాళ్ల ద్వారా వెళితేనే దానికి విలువ. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనుమానం ఉంటే నమూనాలు మీరు తీయకూడదు, శాఖవాళ్లే తీసి పంపిస్తారు. దాని నిర్ధారణకు భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ ఉంది.

రిపోర్టులో "పాజిటివ్" అని వచ్చింది. పిల్లలు పోయింది దానివల్లేనా?

పీసీఆర్ చెప్పేది వైరస్ జన్యు పదార్థం ఉందని మాత్రమే. కోలుకున్న పంది కూడా కొన్ని వారాల పాటు పాజిటివ్‌గా రావచ్చు. పీఈడీతో పాటు రోటా, ఈ-కోలై కలిసి ఉండటం మామూలే. వయసు, చావుల తీరు, పేగు పరిస్థితి, రిపోర్టు నాలుగూ కలిపి చూసేది పశువైద్యుడు. యాంటీబాడీలను వెతికే ఎలీసా రక్త పరీక్షలో పాజిటివ్ వస్తే, ఆ పందికి ఎప్పుడో సోకిందనో, టీకా పడిందనో, చిన్నపిల్లలోనైతే తల్లి పాల నుంచి వచ్చిందనో అర్థం. ఇప్పుడు జబ్బు ఉందని కాదు.

చెబితే అన్నింటినీ చంపేస్తారని భయంగా ఉంది. చెప్పకుండా ఉంటే?

పీఈడీ లాంటి పేగు కరోనాకు మందను చంపరు. చంపేది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలినప్పుడు. జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు పరిధిలో పందులను తొలగించి, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. దానికి బరువును బట్టి పరిహారం ఉంది, ఆ ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరిసగం పంచుకుంటాయి. పరిహారం అందేది శాఖ లెక్క రాసుకుని తొలగించిన పందులకు. దాచిపెట్టి, అవి వాటంతట అవే చచ్చాక వెళితే చేతికి ఏమీ రాకపోవచ్చు. పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం, 2009 ప్రకారం తెలియజేయడం యజమాని బాధ్యత కూడా. పరిహారం డబ్బు ఆలస్యమవుతుందన్న ఫిర్యాదు అన్యాయమైనది కాదు. అయినా దాచడం కంటే చెప్పడమే లాభం.

## మనుషుల ఆరోగ్యం

ఈ జబ్బులు మాకు అంటుతాయా? పంది మాంసం తినవచ్చా?

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, స్వైన్ ఫీవర్, పీఈడీ, టీజీఈ, పీఆర్‌ఆర్‌ఎస్ ఏవీ మనుషులకు రావు. స్వైన్ ఫ్లూ వేరు, అది ఊపిరి ద్వారా వస్తుంది గానీ ఉడికిన మాంసం తింటే రాదు. ఆరోగ్యంగా ఉన్న పంది మాంసాన్ని బాగా ఉడికించి నిశ్చింతగా తినవచ్చు. జబ్బుతో చచ్చినదాన్ని మాత్రం తినకండి, అమ్మకండి.

పందుల కరోనా మనుషుల్లోకి దూకుతుందని వార్తలు వస్తున్నాయి. అంతా అబద్ధమేనా?

అంతా అబద్ధం కాదు, అంతా నిజమూ కాదు. హైతీ దేశంలో 2014–15లో జ్వరం వచ్చిన ముగ్గురు పిల్లల రక్తంలో పందుల డెల్టా కరోనాను గుర్తించినట్టు 2021లో ప్రచురించారు. ముగ్గురూ కోలుకున్నారు. చైనాలో సాడ్స్ నాలుగు ఫారాల్లో దాదాపు 25 వేల పిల్లలను చంపినప్పుడు, అక్కడి 35 మంది పనివాళ్లను పరీక్షిస్తే ఒక్కరికీ సోకలేదు. గుర్రపునాడా గబ్బిలాల్లోని వైరస్‌కు అది చాలా దగ్గరగా ఉందని తేలింది. ప్రయోగశాల గాజు పాత్రలో మాత్రం మనిషి కణాల్లో అది పెరగగలిగింది. శాస్త్రవేత్తలు కన్నేసి ఉంచడానికి కారణం ఇదే.

నిజంగా భయపెట్టిన పాఠం కరోనాది కాదు, నిపా అనే గబ్బిలాల వైరస్‌ది. 1998–99లో మలేషియాలో పండ్ల తోటల మధ్య పెట్టిన పందుల ఫారాల్లో గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు పందులు తిన్నాయి. పందుల నుంచి మనుషులకు పాకి 100 మందికి పైగా చనిపోయారు, పది లక్షల పందులను చంపారు. మామిడి తోటలో, గబ్బిలాలు వాలే చెట్ల కింద దొడ్డి కట్టవద్దని చెప్పేది అందుకే. రాలిన, కొరికిన పండ్లు పందులకు వేయకండి.

దొడ్డి వరి పొలాల పక్కనే ఉంది. మెదడువాపు వస్తుందని ఊళ్లో గొడవ చేస్తున్నారు. వాళ్ల మాటలో నిజం ఉందా?

ఉంది. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. పంది రక్తంలో అది బాగా వృద్ధి చెందుతుంది కాబట్టి, దాన్ని కుట్టిన క్యూలెక్స్ దోమ మనిషిని కుడితే జబ్బు వస్తుంది. ఆ దోమ గుడ్లు పెట్టేది నిలిచిన వరి మడి నీళ్లలో. పెన్నా ఆయకట్టులో నీళ్లు, కొంగలు, పందులు మూడూ ఒకేచోట ఉంటాయి. దక్షిణాదిలో ఈ జబ్బును 1955లోనే అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో గుర్తించారు. పంది నుంచి నేరుగా మనిషికి అంటదు, మధ్యలో దోమ ఉండాల్సిందే.

దొడ్డిని ఇళ్లకు దూరంగా పెట్టడం, సాయంత్రానికే పందులను దోమతెర ఉన్న కొట్టంలోకి తోలడం, పిల్లలకు వేసే మెదడువాపు టీకా గురించి ఆరోగ్య కార్యకర్తను అడగడం చేయదగిన పనులు. పందులను ఊరి బయటికి తరిమేస్తే సరిపోతుందని అనుకునేవాళ్లు దోమలు కిలోమీటర్లు ఎగరగలవని మరిచిపోతున్నారు.

## పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది?

ఇంత పరిశోధన జరుగుతోంది కదా, జబ్బు రాని పందిని తయారుచేయలేరా?

కొంతవరకు చేశారు. పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్ పంది కణంలోకి దూరడానికి సీడీ163 అనే ప్రోటీనును తలుపులా వాడుకుంటుంది. జన్యువును సవరించి ఆ తలుపు మూసేసిన పందులకు ఆ జబ్బు సోకడం లేదు. 2025లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అలాంటి పందులకు అనుమతి ఇచ్చింది. కరోనాలో కథ అంత తేలిక కాలేదు. ఏపీఎన్ అనే మరో ప్రోటీనును తీసేస్తే టీజీఈ ఆగింది, పీఈడీ ఆగలేదు.

మన దేశంలో పందుల మీద పనిచేసే సంస్థలు ఉన్నాయా?

ఉన్నాయి. గువాహటి దగ్గర రాణిలో జాతీయ పందుల పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లో భారత పశువైద్య పరిశోధన సంస్థ ఉన్నాయి. మనకు దగ్గరలో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధన విభాగం ఉంది. పెంపకం మెళకువల శిక్షణ గురించి అక్కడ అడగవచ్చు. ఇజ్జత్‌నగర్ సంస్థ చేసిన పని ఒకటి చెప్పుకోదగ్గది. 1964 నుంచి మన స్వైన్ ఫీవర్ టీకాను కుందేళ్లను చంపి, వాటి ప్లీహం నుంచి తీసేవారు. ఒక కుందేలుకు 50 మోతాదులే వచ్చేవి. దేశానికి కావలసినంత టీకా ఎప్పుడూ లేకపోవడానికి అదొక కారణం. 2020లో ఆ సంస్థ దేశీ వైరస్ రకం నుంచి, కుందేళ్ల అవసరం లేకుండా కణాల మీద పెంచే కొత్త టీకాను విడుదల చేసింది.

## జబ్బు తగ్గాక

చనిపోయినవాటిని ఎక్కడ పూడ్చాలి?

ఆరడుగుల గొయ్యి తీసి, అడుగునా పైనా సున్నం చల్లి పూడ్చి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేయాలి. తీర మండలాల్లో నాలుగడుగులకే నీళ్లు ఊరతాయి. అలాంటిచోట మెరక చూసుకుని, బావులకు, చెరువులకు దూరంగా తవ్వండి. పెన్నలోనో, బకింగ్‌హామ్ కాలువలోనో పడేస్తే దిగువ ఊళ్లకు జబ్బును పంపినట్టే.

మన ఎండకే వైరస్ చస్తుంది కదా, కడగడం దేనికి?

ఎండ సాయం చేస్తుంది. పందులను మోసే ట్రెయిలర్ల మీద అమెరికాలో చేసిన పరీక్షల్లో, పల్చగా అంటిన మలంలోని పీఈడీ వైరస్ 71 డిగ్రీల వేడిలో 10 నిమిషాలకు, మామూలు 20 డిగ్రీల్లో 7 రోజులకు నశించింది. కానీ అది పల్చటి పొర సంగతి. మూలన గట్టిపడిన పెంట గడ్డ లోపల తేమ, చల్లదనం ఉంటాయి, అక్కడ వైరస్ హాయిగా ఉంటుంది. ముందు పెంటంతా గీకి తీయాలి, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే బ్లీచింగ్ ద్రావణమో, 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణమో చల్లాలి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, రబ్బరు తొడుగులు వేసుకోండి. రెండు మందులను కలపవద్దు. మురికి మీదే బ్లీచింగ్ చల్లడం దండగ.

ఖాళీ చేసిన దొడ్డిలోకి మళ్లీ పందులను ఎప్పుడు తేవాలి?

పేగు కరోనా అయితే దొడ్డి మొత్తం ఖాళీ చేయనవసరం లేదు. కోలుకున్న తల్లులను ఉంచుకుని, ఈత గదులను ఒక విడత అన్నీ ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, ఆపై కొత్త ఈతలకు వాడండి. బయటి నుంచి కొత్త పందులను కొన్ని నెలలు తేకండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలిన చోట మాత్రం నిర్ణయం మీది కాదు, పశుసంవర్ధక శాఖది. వాళ్లు అనుమతించాక కూడా ముందు రెండు మూడు పందులనే తెచ్చి, దొడ్డిలోని అన్ని గదుల్లో తిరగనిచ్చి, ఆరు వారాలు చూసి, రక్త పరీక్ష చేయించాలి. అవి బాగుంటేనే మిగతా పిల్లలకు బయానా ఇవ్వండి.